బల్లుల బీరువా

ఆ ఏడు అమెరికాలోని షామ్‌బర్గ్‌లో చలి ఎంతంటే, రాజేశ్వరమ్మ దేవుడి ముందు దీపం వెలిగిస్తే, ఆ దీపం ఒత్తికి ఇంకాస్త దగ్గరగా జరిగి తనే చలి కాచుకుంది. నమ్మరా? అయితే ఇక చెప్పబోయేది అసలే నమ్మరు. అయినా చెప్పక మానను.

ఆమె అల్లుడి పేరు కొండల్ రావు. మనవాళ్లంతా స్క్రూడ్రైవర్ కొండల్ రావు అంటారు. ఇంట్లో బాగా పనిచేస్తున్న వస్తువు కనబడితే చాలు, విప్పి చూస్తాడు. పనిచేయని వస్తువు జోలికి పోడు. అది అప్పటికే ఆయన విప్పినదై ఉంటుంది.

ఇంటి కింద బేస్‌మెంట్ ఆయన రాజ్యం. అక్కడ పుట్టగొడుగులు వేశాడు. అవి తప్ప అన్నీ మొలిచాయి, గోడలకి గడ్డంతో సహా. నీళ్ల పరుపు వేశాడు. నాలుగో నాటికి అది పరుపు ఉద్యోగం మానేసి చెరువైంది. ఆ చెరువు తోడిపోసిన రోజున ఆయన భార్య వసుమతి బకెట్ కింద పెట్టి తేల్చి చెప్పింది.

“ఇంకొక్క స్కీమ్ ఫెయిలయిందంటే బేస్‌మెంట్ నాది. మా అమ్మ వెచ్చగ ఫర్నేస్ పక్కన కుర్చీ వేసుకొని కూసుంటది. నేను పిండికి, పెరుగుకి ఒక మూల చూసుకుంటా.”

“ఫెయిలైతే గదా!” అన్నాడు కొండల్ రావు.

అన్న వారానికే ఎనిమిది బల్లి పిల్లల్ని పట్టుకొచ్చాడు.

పట్టుకొచ్చాడంటే గోడమీద పట్టుకొచ్చాడని కాదు. పెట్ షాపులో డాలర్లు పోసి కొన్నాడు. పసుపు ఒంటిమీద నల్లటి పట్టీలు, బటానీ గింజల్లాంటి కళ్లు.

“ఇవేంటివి?” అంది వసుమతి.

“లెపర్డ్ గెకోలు.”

“గెకో అంటే?”

“అంటే... బల్లే అనుకో. కానీ మామూలు బల్లి కాదు.”

“ఏ ఊరివి?”

“అసలైతే అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన దిక్కు.”

“మన దిక్కు బల్లుల్ని అమెరికాల కొన్నరా! మా ఇంట్ల చీపురుతో కొట్టినా పోకపోయేవి. గ్రీన్ కార్డు వచ్చిందా వీటికి?”

“ఇవి గోడ ఎక్కవు వసూ. వీటికి ఎక్కుడు రాదు.”

“గోడ ఎక్కరాని బల్లా?” వసుమతి ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. “బల్లుల్ల గూడ మీ అసోంటిదాన్నే ఏరుకొచ్చిన్రు.”

స్కీమ్ ఏమిటంటే, ఈ చలికాలం వీటిని బతికించాలి. పెద్దయ్యాక జోడీలు కట్టాలి. అవి పిల్లల్ని పెడితే, ఆ పిల్లలు పిల్లల్ని పెడితే, ఎనభయ్యో దశకం ముగిసేలోగా అమెరికాలో ప్రతి ఇంటికీ ఒక కొండల్ రావు బల్లి. స్నేహితుడు గోపాల్ కూడా సగం వాటాకి సై అన్నాడు. కానీ బల్లుల్ని పెట్టే సొరుగుల రాక్ చూశాకే చెయ్యి కలుపుతానన్నాడు.

“సరే,” అంది వసుమతి. “వసంతం దాక ఎనిమిదీ ఉండాలె. ఒక్కటి తక్కువైనా స్కీమ్ ఫెయిలే. బేస్‌మెంట్ నాదే.”

“డీల్!”

రాక్ తయారైంది. పాత పుస్తకాల బీరువాకి అరలు తీసి, చెప్పులు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు ఎనిమిది సొరుగుల్లా దూర్చాడు. ఒకదాన్నొకటి కరుచుకుంటాయని ఒక్కో డబ్బాకి ఒక్కో బల్లి. ఇక మిగిలింది వేడి.

“పొట్ట కింద వెచ్చగ లేకపోతే తిన్నది అరగదట వీటికి,” అని అత్తగారికి వివరించాడు.

“నాకు గూడ గంతే గద బిడ్డా,” అంది రాజేశ్వరమ్మ శాలువా బిగించుకుంటూ. “మరి నా డబ్బా ఏది?”

నీళ్ల పైపులు గడ్డకట్టకుండా చుట్టే కరెంటు టేపు ఒకటి ఉంటుంది ఇక్కడ. దాన్ని రాక్ వెనకంతా పాములా మెలికలు తిప్పి అతికించాడు. డ్రాయింగ్ రూమ్ లైటు వెలుగు తగ్గించే డిమ్మర్ ఊడబీకి దానికి తగిలించాడు. దేవుడికి దండం పెట్టి ప్లగ్ పెట్టాడు.

టప్పున ఇల్లంతా చీకటి. పైనుంచి వసుమతి గొంతు.

“ఏమండీ! అన్నం సగమే ఉడికింది!”

“మిగిలిన సగం రేపు ఉడుకుతది! కరెంటోని తప్పు!”

మర్నాడు మళ్లీ టప్. ఆ మర్నాడు మళ్లీ. ఆ వారం ఇంట్లో అన్నం తినలేదు, నమిలారు. రాజేశ్వరమ్మ కట్టుడు పళ్లు సమ్మె కట్టాయి. చివరికి ఎక్కడో ఒక వైరు తిన్నగా తగిలింది. ఎలా తగిలిందో కొండల్ రావుకే తెలియదు, కాబట్టి మళ్లీ విప్పలేదు. రాక్ వెచ్చబడింది. పై సొరుగు డిసెంబర్ నెల ఊటీ, కింది సొరుగు మే నెల వరంగల్. బల్లి పిల్లలు పొట్టలు నేలకానించి, పెళ్లి భోజనం తిన్న మామయ్యల్లా కళ్లు మూశాయి.

అప్పుడు మొదటిసారి వసుమతి బేస్‌మెంట్‌లోకి దిగింది. కింది సొరుగు మీద అరచెయ్యి ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే అక్టోబర్ నుంచి ఆ ఇంట్లో దోసెల పిండి పులవడం లేదు. పెరుగు తోడుకోవడం లేదు. ఓవెన్‌లో లైటు వేసి పెట్టింది. రగ్గు కప్పింది. ఆఖరికి గిన్నెకి మొగుడి స్వెట్టర్ తొడిగింది. స్వెట్టర్ పులిసింది గానీ పిండి పులవలేదు.

“ఎట్లున్నది వేడి?” అన్నాడు కొండల్ రావు ఛాతీ పొంగించి.

వసుమతి ఏమీ అనలేదు. వసుమతి మాట్లాడితే అది పోట్లాట. మాట్లాడకపోతే అది ప్లాన్. ఇన్నేళ్లు కాపురం చేసీ కొండల్ రావు ఈ ఒక్క ముక్క నేర్చుకోలేదు.

ఆదివారం గోపాల్, ఆయన భార్య ఉష టిఫిన్‌కి వచ్చారు. గోపాల్‌ని టాబ్లెట్ల గోపాల్ అంటారు. తుమ్మొస్తే ఒకటి, రాకపోతే ఎందుకు రాలేదని ఒకటి వేసుకునే మనిషి.

వాళ్లు రాకముందే, వాళ్ల కారుకి దారి చెయ్యడానికి కొండల్ రావు మంచు తోడబోయాడు.

“వసూ, నా మంకీ క్యాప్ ఏది?”

“ఏమో. ఎవరికన్న చలి పెట్టి తీస్కున్నరేమో.”

“ఇంట్ల ముగ్గురమే గదా!”

“మీ పిల్లలు ఎనిమిది మంది లేరా?” అంది వసుమతి దోసె తిప్పుతూ. ఆయన చెవులకి టవల్ చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక ఆ దోసెలు! షామ్‌బర్గ్ చలికాలంలో అలాంటి దోసె ఎవరూ తినలేదు. చిల్లులు చిల్లులుగా, ఎర్రగా, కాస్త పుల్లగా. గోపాల్ ఒక్కో దోసెకీ ఒక్కో టాబ్లెట్ వాయిదా వేశాడు.

“వసుమతి గారూ, పిండి ఇంతలా ఎలా పులిసిందండీ? మా ఆవిడ పిండి ఫ్రిజ్‌లో పెట్టిన సిమెంటులా ఉంటుంది.”

“పిండి గురించి మాట్లాడండి, పిండి చేసినావిడ గురించి వద్దు,” అంది ఉష.

“అదృష్టమండి,” అంది వసుమతి.

తిన్నాక కొండల్ రావు అందర్నీ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లాడు. రాక్ ముందు నిలబడి, గారడీవాడిలా చొక్కా చేతులు మడిచాడు. పై సొరుగు లాగాడు. బల్లి. రెండోది. బల్లి. గోపాల్ తల ఊపాడు. మూడు, నాలుగు, అలా ఏడు సొరుగులు, ఏడు బల్లులు.

“ఇగ చూడు గోపాల్, కింది డబ్బా. అన్నిట్ల బాగ వేడి దీనికే. దీంట్ల పెట్టింది ఎట్ల పెరిగిందో చూడు!”

లాగాడు. నిజంగానే బాగా పెరిగింది. సొరుగు నిండా తెల్లగా, నురగలు కక్కుతూ, బుస్సుమంటూ దోసెల పిండి. స్టీలు గిన్నె మూత లేచిపోయి, పిండి బయటికొచ్చి కూర్చుంది.

కొండల్ రావు దాన్ని చూశాడు. గోపాల్ చూశాడు. రాజేశ్వరమ్మ ముందుకొంగి చూసింది.

“బల్లేది?” అంది.

అంతే. ఆ రెండు ముక్కలకి బేస్‌మెంట్ గడ్డకట్టింది. తిండిలో బల్లి పడితే ఏమవుతుందో మనకి ఎవరైనా చెప్పాలా? పాలు విడిచిన నాటి నుంచీ విన్నదే గదా!

“అయ్యబాబోయ్!” అన్నాడు గోపాల్. “బల్లి పిండిలో పడింది! పిండి నాలో పడింది!”

“ఎన్ని తిన్నారండీ మీరు?” అంది ఉష.

“లెక్కపెట్టొద్దు, లెక్కపెడితే ఎక్కుతుంది! నాలుక మొద్దుబారుతోంది. కొండల్ రావు గారూ, అంబులెన్స్!”

“అంబులెన్స్‌ల ఏమని చెప్పాలె? దోసె తిన్నరనా?”

“బల్లి దోసె తిన్నామని చెప్పండి!”

“ఇంగ్లీషుల బల్లి దోసెను ఏమంటరు?”

ఉష నోట్లో వేలు పెట్టుకుని సింకు వైపు పరిగెత్తింది. గోపాల్ జేబులోంచి టాబ్లెట్లు తీసి, ఏది దేనికో చూడకుండా బటానీల్లా నోట్లో వేసుకున్నాడు. కొండల్ రావు గరిటె పట్టుకుని పిండి గిన్నెను అడుగు నుంచి కలియబెడుతున్నాడు. బల్లి తగిలితే మనుషులు పోతారు, తగలకపోతే పందెం పోతుంది. ఏది తగలాలో తెలియక ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన తిప్పుతున్నాడు.

“వసూ, నా బల్లి ఏదే?”

వసుమతి మెట్ల మీద చేతులు కట్టుకుని, చుట్టాలింటి పెళ్లి చూస్తున్నట్టు నిలబడింది.

“బల్లి ఎక్కడన్న పాణంతోని దొరికిందనుకోండి. ఏమిస్తరు?”

“ఏమడిగినా ఇస్త!”

“బేస్‌మెంట్?”

“తీస్కో!”

“అందరి ముందట అంటున్నరు.”

“అందరూ పోయేటట్లున్నరే! తీస్కో అంటున్న గదా, దొరికితే చాలు!”

వసుమతి తాపీగా దిగి వచ్చింది. ఫర్నేస్ పక్కన గూట్లోంచి చిల్లుల మూతున్న కాఫీ డబ్బా తీసింది. మూత తెరిస్తే లోపల కొండల్ రావు మంకీ క్యాప్. మంకీ క్యాప్ లోపల, కళ్ల చిల్లుల్లోంచి లోకాన్ని చూస్తూ, ఎనిమిదో బల్లి.

“నిన్న రాత్రి పిండి పెట్టుకునే ముందు ఆ సొరుగు కడిగి ఆరబెట్టిన. దీన్ని చట్నీ గరిటెతోని ఎత్తి దీంట్ల పండబెట్టిన. డాలర్లు పోసి కొన్న బల్లి గదా, చీపురుతోని కొడ్తనా?”

గోపాల్ నాలుకకి ప్రాణం వచ్చింది. “ముందే చెప్పొచ్చు కదండీ!”

“ఆయన మాట ఇచ్చేదాక ఆగిన.”

ఉష సింకు దగ్గర్నుంచి తల తిప్పింది. “అంటే నేను అనవసరంగా కక్కానా? అంత మంచి దోసెలు!”

అప్పుడు కొండల్ రావుకి లెక్క తట్టింది. బల్లి దొరక్కపోతే పందెం ప్రకారం బేస్‌మెంట్ వసుమతిది. దొరికితే మాట ప్రకారం వసుమతిది. నోరు తెరిచి టోపీ అందుకున్నాడు. ఆ చేతి మీదుగా బల్లి పాకింది. గోడ ఎక్కడం రాని ఆ బల్లి కొండల్ రావుని మాత్రం సులువుగా ఎక్కేసి, ఎడమ భుజం మీద కూర్చుంది.

“ఆగుండ్రి, కదలొద్దు!” అంది రాజేశ్వరమ్మ. బల్లి శాస్త్రం ఆమెకి కంఠతా. కళ్లు మూసుకుంది. “మగవానికి ఎడమ భుజం మీద బల్లి పడితే... ఇంట్ల కింది అంతస్తు చేజారుతది.”

“శాస్త్రంల బేస్‌మెంట్ గూడ ఉన్నదా అత్తమ్మా?”

“ఎందుకుండదు బిడ్డా? పెద్దోళ్లు అన్నీ చూసే రాసిన్రు,” అంటూ ఆమె ఫర్నేస్ పక్కకి కుర్చీ లాక్కుంది.

ఆ సాయంత్రానికి వార్త ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ పాకింది. ఉష ఇంటికి వెళ్లీ వెళ్లగానే ఫోన్ చేసింది.

“వసుమతీ, రేపు నా పిండి కూడా తెస్తాను, చోటుందా?”

ఆ వెనకే ఇంకొకరు పెరుగుకి, ఇంకొకరు ఊతప్పాల పిండికి.

“చోటా? బోలెడు,” అంది వసుమతి, మొగుడి వైపు చూస్తూ. “ఎనిమిది డబ్బాలు గదా!”

మర్నాడు కొండల్ రావు మాల్‌కి వెళ్లి మంకీ క్యాప్‌లు కొన్నాడు. ఏడు. కౌంటర్ దగ్గర పిల్ల వాటిని సంచిలో పెడుతూ నవ్వింది.

“బిగ్ ఫ్యామిలీ?”

కొండల్ రావు తలకున్న టవల్ సర్దుకున్నాడు.

“యెస్,” అన్నాడు. “జాయింట్ ఫ్యామిలీ.”