మడమ లేని ముఠా

"చేతులకు తొడుగులు ఏసుకున్న దొంగలు వేలమంది ఉన్నరు. కాళ్ళు ఇంట్ల విడిచిపెట్టి దొంగతనానికి పోయినోడు ఒక్కడు లేడు. గీ సంగతి దునియాల నాకొక్కనికే తట్టింది, బాలమల్లూ."

రాంచందర్ ఈ ప్రకటన చేసినప్పుడు సైకిలు వెనుక క్యారియర్ మీద కూర్చుని ఉన్నాడు. పెద్దపల్లి ఎండలో ఆ సైకిలును తొక్కుతున్నవాడు బాలమల్లు. పరిశోధకుడు పెడల్ తొక్కితే రక్తమంతా కాళ్ళలోకి దిగి మెదడు ఎండిపోతుందని రాంచందర్ సిద్ధాంతం. దాని ఫలితంగా ఇద్దరిలో ఆలోచన ఒకరిదీ, మోకాళ్ళ నొప్పి మరొకరిదీ అయింది.

రాంచందర్ బొగ్గు గనిలో, దీపాలు ఇచ్చే గదిలో పనిచేసి రిటైరైనవాడు. షిఫ్టు దిగి వచ్చేవారి ముఖాలన్నీ మసితో ఒక్కలాగే ఉండేవి గనుక, బూట్లను బట్టి మనిషిని పోల్చుకోవడం అభ్యాసం చేశానని చెప్పుకునేవాడు. ఆ అభ్యాసం వల్ల ఒకరి దీపం మరొకరి పేర జమ అయిన సందర్భాల గురించి మాత్రం చెప్పుకునేవాడు కాదు. సైకిళ్ళు బాగుచేసే బాలమల్లుకు అవి కూడా తెలుసు. తెలిసీ తొక్కుతున్నాడంటే, దానిని స్నేహమనే అనుకోవాలి.

ఆనాటి కేసు నేతవాడలోని పద్మలతది. ఆమె భర్త హరీష్ భివండిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. ఇంట్లో ఆమె, మామ లక్ష్మీరాజం మాత్రమే ఉంటారు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘం ద్వారా ఆమె చేతికి వచ్చింది. కానీ కొంతకాలంగా, కుట్టిన బట్టలు సంఘంలో అప్పగించి వచ్చేసరికి, ఆమె తొక్కుడు మిషన్ మీద దారం తెగి ఉంటోంది. గుడ్డ కింద దారమంతా ఉండ చుట్టుకుంటోంది. సూదులు కూడా విరిగాయి. బడి తెరిచేలోగా బట్టలు అందకపోతే మిగిలిన గుడ్డను వేరొకరికి ఇచ్చేస్తానని సంఘం అధ్యక్షురాలు చెప్పేసింది.

"ఈసారి పని పోతే మళ్ళ రాదన్నా. జర చూడుండ్రి," అని పద్మలత అడిగింది.

రాంచందర్ కళ్ళు సగం మూసుకుని, దీని వెనుక యూనిఫాంల వ్యాపారాన్ని కబళించజూస్తున్న అదృశ్య హస్తం ఉందన్నాడు. హస్తం కాదు, అదృశ్య పాదం అని వెంటనే దిద్దుకున్నాడు. అనుమానం పాదం మీద పడింది కనుక వాడలో ఉన్న ప్రతి పెడల్‌నూ పరీక్షించడం అనివార్యమైంది. సంఘం ఆఫీసులో కరోనా కాలం నుంచి మిగిలిపోయిన శానిటైజర్ స్టాండు పెడల్‌ను ఆయన నొక్కగా, అడుగున ఉన్న ద్రవం చిమ్మి అధ్యక్షురాలి చాయ్‌లో పడింది. పళ్ళ డాక్టరు గది బయట చెత్తడబ్బా పెడల్ తొక్కి లోపలికి వంగి చూడగా మూత లేచి గడ్డానికి తగిలింది. రెండు పెడల్స్‌నూ నిర్దోషులుగా ప్రకటించి, ఆయన మిషన్ దగ్గరికి తిరిగి వచ్చాడు.

ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి, మిషన్ కింది ఇనుప పలక నిండా చల్లాడు. మరునాడు పద్మలత సంఘానికి వెళ్ళి వచ్చాక చూస్తే దారం తెగే ఉంది. పలక మీద ముద్రలు కూడా పడ్డాయి. ఎడమ అంచున ఒక పాదం, కుడి అంచున ఒక పాదం. రెండింటికీ వేళ్ళున్నాయి గాని మడమలు లేవు.

రాంచందర్ చాలాసేపు మౌనంగా ఉన్నాడు. అది ప్రమాద సూచన అని బాలమల్లుకు అనుభవపూర్వకంగా తెలుసు.

"ఇద్దరు," అన్నాడు రాంచందర్. "ఒకడు ఎడమ కాలు పెట్టిండు, ఒకడు కుడి కాలు పెట్టిండు. మునివేళ్ళ మీద నడిచే తర్ఫీదు పొందినోళ్ళు. ఇది మడమ లేని ముఠా."

ఒక్క మనిషికే రెండు కాళ్ళుంటాయి గదా అని బాలమల్లు గుర్తుచేయబోయాడు. అంత తేలికైన సమాధానాలు పోలీసులకు వదిలేయాలని రాంచందర్ మందలించాడు.

ఇద్దరు కావాలి గనుక ఇద్దరు దొరికారు. అదే వసారాలో, పక్క గదిలో కరెంటు మిషన్ మీద చీరలకు ఫాల్ కుట్టే జమాలున్నీసా, ఆమె కూతురు కైనాత్. పద్మలత, జమాలున్నీసా మధ్యాహ్నం ఒకరి డబ్బాలోంచి మరొకరు తినేవారు. పద్మలత గది తాళం చెవి దొరికే చోటు జమాలున్నీసాకు తెలుసు గనుక, ఆ స్నేహమే రాంచందర్ చేతిలో సాక్ష్యమైపోయింది.

నేరారోపణ విని జమాలున్నీసా సూది గుడ్డలోనే ఆపి తలెత్తింది. "సార్, నాకు రెండు కాళ్ళు, నా బిడ్డకు రెండు కాళ్ళు. నాలుగుంటే రెండే ఎందుకు పెడ్తం? తక్కిన రెండు బయట కావలి ఉన్నయా?"

"అది కూడ ఒక పాయింటే," అని రాంచందర్ గంభీరంగా ఒప్పుకున్నాడు.

జమాలున్నీసా ఆయనను పట్టించుకోలేదు. పద్మలత ముఖంలోకి చూసింది. పద్మలత నేల చూసింది. నమ్మి కాదు, పని పోతుందన్న భయం ఆమె నోటిని మాట రాకుండా పట్టుకుంది. జమాలున్నీసా లేచి, తన గది తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ మధ్యాహ్నం రెండు డబ్బాలూ రెండు చోట్ల తెరుచుకున్నాయి. వసారా చివర నులక మంచం మీద కూర్చున్న లక్ష్మీరాజం ఏదో అనబోయి, దగ్గి ఊరుకున్నాడు.

ఆ మరునాడు రాంచందర్ అందరినీ మిషన్ ఉన్న గది ముందు, వసారాలో సమావేశపరిచాడు. జమాలున్నీసా మాత్రం కూతురితో తన గది గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ముఠా పనిచేసే తీరును కళ్ళకు కట్టినట్టు చూపిస్తానన్నాడు. బాలమల్లు ఎడమ కాలు, తన కుడి కాలు పలక మీద పెట్టించి, ఒక చేత్తో పౌడరు డబ్బా పట్టుకుని, "ఇప్పుడు చూడుండ్రి, రక్తం గడ్డకట్టే నిజం," అన్నాడు.

ఇద్దరూ తొక్కారు. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి. కింది పెద్ద చక్రం గిర్రున తిరిగింది. బట్ట పడకుండా చక్రానికి ఉండవలసిన కంచె ఎప్పుడో ఊడిపోయింది గనుక, రాంచందర్ వెడల్పు ప్యాంటు అంచు తోలుపట్టా కింద దూరి చుట్టుకుంది. ఆయన ఒంటికాలి మీద గెంతి కూలబడ్డాడు. పౌడరు డబ్బా బోర్లా పడి పలకంతా తెల్లబడింది. బాలమల్లు లాగినకొద్దీ ప్యాంటు ఇంకా బిగిసింది. పద్మలత కత్తెర తెచ్చింది.

"కత్తిరించకు చెల్లె, పెండ్లి ప్యాంటు," అని రాంచందర్ నేల మీదినుంచి వేడుకున్నాడు.

"ఆగుండ్రి," అంటూ లక్ష్మీరాజం మంచం మీదినుంచి దిగి వచ్చి, మిషన్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కుడి మునివేళ్ళతో పలక అంచును నొక్కాడు. అది ఎత్తి, ఎడమ మునివేళ్ళతో రెండో అంచును నొక్కాడు. చక్రం సగం తిరిగి, ముందుకు పోలేక, వెనక్కి దొర్లింది. ప్యాంటు ఊడి వచ్చింది. చక్రం ఉల్టా తిరిగేసరికి, పైన సూది దగ్గర దారం టప్పున తెగింది.

ముసలాయన కాళ్ళు తీశాడు. తెల్లటి పలక మీద ఎడమ అంచున ఒక పాదం, కుడి అంచున ఒక పాదం, రెండింటికీ మడమల్లేవు. అందరూ వాటినే చూస్తున్నారు, తన ప్యాంటు అంచును వెలుతురుకు పెట్టి పరీక్షించుకుంటున్న రాంచందర్ తప్ప.

"నేనే బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం. "నేను నేసిన గుంట మగ్గానికి కాళ్ళ కింద రెండు పలకలుంటయి. ఒకటి తొక్కితే ఒకటి లేస్తది. గీ దానికి ఒక్కటే ఉన్నది, ముందటికి వేళ్ళతోని ఒత్తాలె, ఎనుకకు మడమతోని ఒత్తాలె. మడమతోని ఏం జెయ్యాల్నో నా కాళ్ళకు సమజ్ కాలే. నువ్వొక్కదానివే తండ్లాడుతున్నవని, నువ్వు లేనప్పుడు నాలుగు నిక్కర్లన్న కుడ్దామనుకున్న. దారం తెగుడే వచ్చింది. జమాలున్నీసాను అన్న నాడే చెప్పాల్సింది. సిగ్గయ్యి నోరు రాలే."

పద్మలత కత్తెర పక్కన పెట్టింది. వసారా దాటి పక్క గది గుమ్మం దగ్గర నిలబడింది. "ఆపా, ఆయన సంగతి సరే. నేను నోరు తెర్వలే. తప్పు నాది," అంది.

జమాలున్నీసా ఒకసారి ముసలాయన వైపు చూసింది. తర్వాత కైనాత్‌తో తన మిషన్ ముందున్న చీరలు పక్కకు తీయమని చెప్పింది. "కాకా, ఇటు రాండ్రి. నా పైడల్‌కు మడమతోని పని లేదు. మునివేళ్ళతోని ఒత్తితే సాలు, ఉల్టా తిర్గనే తిర్గది."

లక్ష్మీరాజం భయంభయంగా కూర్చుని మునివేళ్ళు ఆనించాడు. కాలు మార్చినప్పుడల్లా మిషన్ ఆగింది. మళ్ళీ కదిలింది. వెనక్కి మాత్రం తిరగలేదు. నిక్కరు అంచు మీద కుట్టు చివరిదాకా తిన్నగా పోయింది. కైనాత్ దానిని ఎత్తి చూపించింది. జమాలున్నీసా, కోపం ఇంకా పూర్తిగా పోని ముఖంతోనే, డబ్బా తెరిచి పద్మలత వైపు జరిపింది. బడి తెరిచే ముందురోజుకు యూనిఫాంలన్నీ సంఘానికి చేరాయి.

ఆ వార్త విని తిరిగి వస్తూ రాంచందర్ క్యారియర్ మీద నిటారుగా కూర్చున్నాడు. "ముఠాల ఇద్దరున్నరని ముందే చెప్పిన్నా లేదా? ఎడమ కాలు ఒకటి, కుడి కాలు ఒకటి."

బాలమల్లు సైకిలు ఆపాడు. దిగి, హ్యాండిల్‌ను ఆయన చేతిలో పెట్టి, వెనుక క్యారియర్ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"ఇద్దర్ని పట్టినవ్ గద. ఇగ నీ కిందున్న ఇద్దరితోని జర తొక్కిచ్చు," అన్నాడు.