ప్రారంభోత్సవానికో కుంటికాలు

పిల్లల ఆసుపత్రిలో కీళ్ల వైద్య విభాగం సర్వాంగసుందరంగా సిద్ధమైంది. ఎముకల ఫొటోలు తీసే కొత్త యంత్రం వచ్చింది. గోడల నిండా కుందేళ్లు, ఏనుగులు వెలిశాయి. డాక్టరుగారి బల్ల, బల్ల మీద గంట, గంట పక్కన డాక్టరుగారి పేరు రాయడానికి ఖాళీగా ఉంచిన చెక్కపలక, అన్నీ వేళకు అందాయి. డాక్టరు ఒక్కరే రాలేదు. ఆ పోస్టు తాలూకు ఫైలు పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉన్న ఫైలును తొందరపెట్టడం సభ్యత కాదు గనుక ఎవరూ తొందరపెట్టలేదు.

ఇవేవీ తెలియని దర్జీ ఒకాయన ఆరేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. జలుబు తగ్గిన రెండోరోజు నుంచీ కుడికాలు నేల మీద ఆనిస్తే ఏడుస్తోంది.

"కీళ్ల విభాగం వచ్చే గురువారం మంత్రిగారు తెరుస్తారండీ" అంది చీటీలు రాసే ఆవిడ.

"మరి అప్పటిదాకా నొప్పి?"

"నొప్పి సంగతి మాకు కాగితం మీద రాలేదండీ. ప్రారంభం సంగతే వచ్చింది."

పక్కగదిలోని జ్వరాల డాక్టరమ్మ జాలిపడి కాలు అటూ ఇటూ కదిపి చూసింది. "జలుబు తర్వాత కొందరు పిల్లలకు ఇలా అవుతుంది. వారం రోజులు గెంతనివ్వకండి, అదే పోతుంది" అంది. ఆవిడ కీళ్ల నిపుణురాలు కాదు గనుక దర్జీకి ఆ మాట మీద పెద్దగా గురి కుదరలేదు. అంతలో అటుగా వచ్చిన సూపరింటెండెంటుగారికి పిచ్చుక కనబడింది. రెండు జడలు, గుండ్రటి కళ్లు, సభలో వెనక వరస వాళ్లకు కూడా కనిపించేంత చక్కటి కుంటు. ఆయన అక్కడికక్కడే ఆమెను కొత్త విభాగానికి మొదటి రోగిగా నియమించారు. డాక్టరు నియామకంలో కనబడని చొరవ రోగి నియామకంలో కనబడింది.

డాక్టరమ్మ చెప్పినట్టే మంగళవారానికి నొప్పి పోయింది. బుధవారం పిచ్చుక మెట్లు రెండేసి చొప్పున దూకింది. దర్జీ నిజాయితీపరుడు. నంబరు ఇంకెవరికైనా పనికొస్తుందని చీటీ తిరిగివ్వబోయాడు.

సూపరింటెండెంటుగారి ముఖం పాలిపోయింది. "తగ్గిపోయిందా? ఎవర్నడిగి తగ్గిందయ్యా? ఆహ్వానపత్రాల మీద మీ పాప ఫొటో అచ్చయింది! ఒక్క పూట కుంటమను."

"అబద్ధం కదండీ!"

"అబద్ధమెలా అవుతుంది? మొన్నటి నిజమేగా. వారం ఆలస్యంగా చూపిస్తున్నాం, అంతే. మా లెక్కలో వారం అసలు ఆలస్యమే కాదు."

పెద్ద కుర్చీల వాళ్లతో వాదించడం దర్జీకి చేతకాదు. ఆ సాయంత్రం కూతురికి కుంటడం నేర్పాడు. ఏ కాలో మరిచిపోతోందని కుడిపాదానికి ఎర్రదారం కట్టాడు.

గురువారం మంత్రిగారి రాక సందర్భంగా ఆసుపత్రిలోకి రోగుల ప్రవేశం నిషేధించారు. గేటు దగ్గర ఒకామె, మూడేళ్ల పాప చెయ్యి పట్టుకుని కాపలావాణ్ణి బతిమాలుతోంది. పాప పాదం లోపలికి మెలితిరిగి ఉంది. అడుగడుక్కీ ఒళ్లంతా ఒరుగుతోంది.

పిచ్చుక కళ్లు విప్పార్చి చూసింది. "నాన్నా, ఆ పాప ఎంత బాగా కుంటుతోందో! వాళ్ల నాన్న నీకంటే బాగా నేర్పించాడు!"

దర్జీ వెనక్కి తిరగబోయాడు. సూపరింటెండెంటుగారు రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి ప్రసంగించారు. "ఈ చిట్టికాళ్లే రేపటి సమాజానికి మూలస్తంభాలు! స్తంభాలకు కీళ్లుండవన్న అపోహను మా ప్రభుత్వం పటాపంచలు చేసింది!" అని, పిచ్చుక మోకాలి మీద చెయ్యి వేసి, కెమెరాల వైపు చూస్తూ "లే తల్లీ, నడువు" అన్నారు. అప్పుడే ద్వారానికి కట్టిన బెలూను ఒకటి తెగింది. పిచ్చుక అన్నీ మరిచి దాని వెనక పరుగుతీసింది.

 దర్జీ ఆమెను ఆపబోయాడు. సూపరింటెండెంటుగారు మాత్రం తడుముకోకుండా చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు. మర్నాడు పత్రికల్లో 'తెరిచిన నిమిషానికే నయం' అని పడింది. సోమవారం ఉత్తర్వు వెలువడింది: 'వైద్యుడు లేకుండానే నూటికి నూరు శాతం ఫలితాలు సాధించినందున, సదరు పోస్టు అనవసరమని గుర్తించి రద్దు చేయడమైనది.'

దర్జీకి మిషను ముందు కూర్చున్నా ఆ మెలితిరిగిన పాదమే కళ్లలో మెదిలింది. జ్వరాల డాక్టరమ్మను అడిగి, పక్క ఊళ్లో ఎముకల డాక్టరు ఎక్కడుంటాడో రాయించుకున్నాడు. ఆసుపత్రికి వెళ్తే లైను వీధి మలుపు దాటి ఉంది. నడిమధ్యన, ఆ రోజు గేటు దగ్గర చూసినామె పాపతో కనిపించింది.

"అదంతా నాటకమమ్మా. మా పిల్లకు ముందే తగ్గింది. లోపల డాక్టరే లేడు. పక్క ఊరికి పోదాం పద, నేనూ తోడొస్తాను."

"అక్కడికి పోయొచ్చామన్నా. వారంవారం కట్లు మార్చాలి, ఏళ్లు పడుతుందన్నాడు. ఇక్కడైతే చెయ్యి వేస్తే పోతుందట కదా!"

వెనకాయనకు ఒళ్లు మండింది. "నీ పిల్ల పరిగెత్తిందిగా? మా వంతు వచ్చేసరికి డాక్టరు లేడంటావేం? ఓర్వలేకపోతే ఇంట్లో కూర్చో!" నలుగురూ కలిసి దర్జీని రోడ్డు అవతలకు నెట్టారు. అతను అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం ఆమె వంతు వచ్చింది. పాపను కుర్చీలో కూర్చోబెట్టి, దించి, చప్పట్లు కొట్టి పంపారు. పాప ఎలా వెళ్లిందో అలాగే ఒరుగుతూ బయటికొచ్చింది. దర్జీ ఎదురువెళ్లి ఎముకల డాక్టరు చిరునామా రాసిన కాగితం చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. "నాకే నమ్మకం చాలలేదేమో అన్నా. రేపు ఇంకా పొద్దున్నే వస్తాను" అంది.

లైను నేటికీ తగ్గలేదు. దర్జీ కొట్టుకు మాత్రం పెద్దమనుషుల రాక పెరిగింది. అతను చెప్పే నిజమంతా ఓపిగ్గా విని, అయ్యో అని నిట్టూర్చి, గొంతు తగ్గించి, "అది సరేగానీ, నీకు లోపల మాట చెల్లుతుందిగా, మా మనవరాలికి కాస్త ముందు నంబరు ఇప్పించగలవా?" అంటున్నారు. వారి పేర్లు చెప్పడం మర్యాద కాదు. ఇంతదాకా చదివి నవ్వినవారిలో కొందరు ఇప్పటికే గొంతు సవరించుకుంటున్నారు.