గీత జరిపినవారికి వందనాలు

నియోజకవర్గాల హద్దులు మార్చేవాళ్ళని తిట్టకండి! వాళ్ళు దేవుడు పంపిన మనుషులు. నమ్మకపోతే ఐర్లండ్‌లో మా అత్లోన్ వచ్చి చూడండి. ఇప్పుడే వద్దులెండి, ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, ఆపుతున్నారు. లాక్‌డౌన్ తీసేశాక రండి.

అసలు ఈ కరోనాలో మనం ఎక్కడికైనా కదిలామా? అలాంటి రోజుల్లో, మేం సోఫాలో కూర్చుని టీ తాగుతుంటే, మా నియోజకవర్గమే లేచి బూట్లు వేసుకుని ఇంకోచోటికి వెళ్ళిపోయింది! మాస్కు లేదు, టెస్టు లేదు. కప్పు కింద పెట్టేలోపు వేరే ఏరియా మనుషులమైపోయాం. ఇంత సుఖమైన ప్రయాణం ఏ విమానంలో దొరుకుతుంది?

ఈ కొత్త గీత మా రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన పోతుంది. బేసి నంబరు ఇళ్ళు ఒక ఏరియా, సరి నంబరు ఇళ్ళు ఇంకో ఏరియా. మాది పదిహేడు.

నేను ఇంటర్ మొదటేడుతో ఆగిపోయినదాన్ని. సివిక్స్‌లో నియోజకవర్గం పాఠం వచ్చేలోపే ఇంట్లో పెళ్ళిచూపులొచ్చాయి. ఆ పాఠం నాకు ఈ గీతే నేర్పింది.

ఎలాగంటారా? మా పాప ఆశ్రితకి నాలుగో నెల సూదులు పడాలి. ఇక్కడ అవి జీపీ వెయ్యాలి, అంటే మన ఇంటి డాక్టరన్నమాట. పాపకి రెండు నెలలు నిండాక మేం డబ్లిన్ నుంచి ఈ ఊరొచ్చాం. ఇక్కడ ఏ జీపీకి ఫోన్ చేసినా "లిస్ట్ ఫుల్, లవ్" అంటారు. ఎంత ప్రేమగా అంటారంటే, పని అయిపోయిందేమో అనుకుని థాంక్స్ చెప్పి పెట్టేస్తాం! నాలుగో నెల పోయింది, ఐదో నెలా వచ్చింది. దేశమంతా కొత్త వ్యాక్సిన్ కోసం ఎదురుచూస్తుంటే, నేను ఎప్పటినుంచో ఉన్న పాత సూదుల కోసం ఎదురుచూస్తున్నాను. పాప తుమ్మితే చాలు, థర్మామీటరు కోసం పరిగెత్తేదాన్ని.

సరిగ్గా అప్పుడే తలుపు కంతలోంచి ఒక కాగితం పడింది. నవ్వుతున్న పెద్దాయన ఫొటో. కింద "క్లినిక్, ప్రతి శనివారం, ఫోన్ ద్వారా. అందరికీ స్వాగతం." క్లినిక్! అందరికీ! స్తోత్రం అనుకుని వెంటనే నంబరు నొక్కాను.

"సార్, మా పాపకి సూదులు వెయ్యాలి."

"అలాగా! పాప బాగుందా? అడ్రసు చెప్పమ్మా."

చెప్పాను.

"పదిహేడా? అయ్యో, నిన్నమొన్నటిదాకా నువ్వు నా మనిషివేనమ్మా! కొత్త గీతలో అవతలికి పోయావు. యూ ఆర్ గ్రాండ్, ఏం ఫర్వాలేదు, నీకు ఇంకొకావిడ ఉంది."

ఆ ఇంకొకావిడకి చేశాను. ఓపిగ్గా అంతా విని, "నీ సూదుల విషయం వచ్చే మీటింగులో తప్పకుండా లేవనెత్తుతాను" అంది.

సాయంత్రం మా ఆయన జయకుమార్ ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్ డ్యూటీ నుంచి వచ్చి, "డాక్టరు దొరికాడా?" అన్నాడు.

"దొరికారండీ, ఇద్దరు. కానీ ఇక్కడ సూది వెయ్యరంట. మీటింగులో పైకెత్తి చూపిస్తారంట."

ఎదురింటి రొసారియోది మెక్సికో. ఇరవై రెండో నంబరు. మర్నాడు చెత్తడబ్బా బయట పెడుతూ నా గోడు విని, రోడ్డు అవతల నిలబడి పగలబడి నవ్వింది.

"ఫెబీ, వాళ్ళు డాక్టర్లు కాదు, కౌన్సిలర్లు! ఇక్కడ నాయకులు కూర్చుని జనం కష్టాలు వింటే దాన్నీ క్లినిక్ అంటారు."

"మరి వైద్యం?"

"వినడమే వైద్యం!"

ఆమీదట తన ఊరి సంగతి చెప్పింది. వాళ్ళ వీధి అంగుళం కదల్లేదు గాని, దాని నియోజకవర్గం నంబరు మూడుసార్లు మారిందట. "మా అమ్మ ఓటు ఒకాయనకి వేసింది. మురిక్కాలవ గురించి అర్జీ ఇంకొకాయనకిచ్చింది. ఆయన్ని గెలిపించింది మేము ముఖం కూడా చూడని జనం! కాలవ మాత్రం నమ్మకంగా మా గుమ్మం ముందే ఉంది."

చూశారా, ఎంత దూరం పాకిన వరమో!

లాభాలు ఇంకా ఉన్నాయి. మా రోడ్డు మధ్య గుంతని సగం పూడ్చారు, మిగతా సగం అవతలి ఏరియాదట. మా ఆయన కారు వెనక్కి తీస్తే వెనక చక్రాలు ఒక ఏరియాలో, ముందు చక్రాలు ఇంకో ఏరియాలో! పౌరసత్వం లేకపోయినా లోకల్ ఎన్నికల్లో మాకు ఓటుంది కాబట్టి ఇద్దరూ మమ్మల్ని ప్రేమిస్తారు. ఒక్క కష్టానికి ఇద్దరు "సారీ" చెప్పే భాగ్యం ఎంతమందికుంది?

పోయిన సోమవారం ఒక జీపీ దగ్గర ఒక్క చోటు ఖాళీ అయిందని తెలిసింది. ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి, "మా క్యాచ్‌మెంట్ ఏరియా, అంటే మేం చూసే ఇళ్ళ హద్దు, మీ రోడ్డుతో ఆఖరు. సరి నంబరు ఇళ్ళయితే తీసుకుంటాం. మీదెంత?" అంది.

పాప నా భుజం మీద ఎక్కి జుట్టు పీకుతోంది. కిటికీలోంచి చూస్తే రొసారియో ఇంటి తలుపు. గట్టిగా ఇరవై అడుగులు లేదు.

"ఇరవై రెండు," అన్నాను.

గురువారం రమ్మన్నారు. రెండు తొడలకీ సూదులు పడ్డాయి. అది కెవ్వుమంటే, దానికంటే గట్టిగా నేను ఏడ్చాను. నర్సు నాకే ముందు టిష్యూ ఇచ్చింది.

సంగతి చెప్తే మా ఆయన మొహం వాడిపోయింది. "అబద్ధం కదే ఫెబీ. ప్రభువు చూస్తాడు."

"చూడనివ్వండి. ఆయనకి క్యాచ్‌మెంట్ ఏరియా లేదు."

కాబట్టి గీతలు జరిపే పెద్దలారా, మీమీద నాకు ఏ కోపమూ లేదు. మీరు మ్యాపులు పరిచి, సభలు పెట్టి, రిపోర్టులు రాసి జరిపిన గీతని నేను ఒక్క అంకెతో జరిపాను. మీరు జరిపితే సగం వీధి ఇంకొకరి జాబితాలో చేరిపోయింది. నేను జరిపితే ఆరు కిలోల పాప ఒక్క డాక్టరు జాబితాలో చేరింది. రూలు ప్రకారం దొంగగీత మాత్రం నాదే!

ఆరో నెల సూదులు ఇంకా మిగిలే ఉన్నాయి. మీకు పుణ్యముంటుంది, అప్పటిదాకా ఎవరూ పెన్సిలు ముట్టుకోకండి.