ఆగని సర్వరుకు ఐదువందల రోజుల పండుగ

నడుస్తున్న కంప్యూటరును ఆపకూడదు. ఆపి మళ్లీ మొదలుపెడతాననేవాడు దేశద్రోహి కాకపోవచ్చు గానీ, ఆ దారిలో ఉన్నవాడే! నా మాటకు నవ్వొస్తోందా? అయితే యాకుత్‌పురా రైల్వే స్టేషను పక్కసందులో, టైర్ల దుకాణం మేడ మీద నడిచిన పరబ్రహ్మం గారి ఆఫీసు కథ వినండి.

రెండువేల నాలుగు నాటి సంగతి. పరబ్రహ్మం గారు గుంటూరు నుంచి సర్కారు కొలువుకు వచ్చి, అది మధ్యలోనే వదిలేసి, వెబ్‌సైట్ల వ్యాపారం పెట్టిన పెద్దమనిషి. పాతబస్తీ ఫంక్షన్ హాళ్లు, యునానీ దవాఖానాలు, మలక్‌పేట ట్యుటోరియల్ కాలేజీలు, అందరి వెబ్‌సైట్లూ ఆయన దగ్గరున్న ఒకే ఒక్క లినక్స్ సర్వరు మీద నడిచేవి. ఆ సర్వరు బాగోగులు చూసేది షారోన్. దబీర్‌పురా అమ్మాయి, చురుకైనది, టెంపరరీ.

సర్వరుకు ఆ ఆఫీసులో జరిగే మర్యాద అల్లుడికి కూడా జరగదు. దానికి ఏసీ, మనుషులకు ఫ్యాను. దానికి శుక్రవారం కుంకుమబొట్టు, నెత్తిన నిమ్మకాయ. గుమ్మం దగ్గర ఒక నల్లబోర్డు: "మన సర్వరు ఆగక నేటికి ఇన్ని రోజులు." రోజూ పొద్దున షారోన్ స్క్రీన్ మీద అంకె చూసి సుద్దతో అక్కడ రాయాలి. పరబ్రహ్మం గారు చెప్పులు విడిచి బోర్డు ముందు ఒక క్షణం నిలబడి గానీ లోపలికి వచ్చేవారు కాదు.

"ఐదువందలు నిండనివ్వమ్మా. ఆ రోజే ఫంక్షను పెట్టి, నీ పర్మనెంటు ఆర్డరు నీ చేతిలో పెడతా," అని ఆయన మాట ఇచ్చారు.

షారోన్‌కు ఆ ఆర్డరు కావాలి. తండ్రి డానియేలు రైల్వేలో గ్యాంగ్‌మన్, వచ్చే ఏడే రిటైరు. అందుకే ఆదివారం చర్చి అయిపోగానే ఆఫీసుకు పరుగెత్తేది. అక్క కొడుకు బాప్తిస్మం నాడు సెలవు అడిగితే పరబ్రహ్మం గారు చాలా బాధపడ్డారు.

"సర్వరు ఏనాడైనా సెలవు అడిగిందా తల్లీ?"

ఎంత న్యాయమైన ప్రశ్న! షారోన్ ఆ రోజూ వచ్చింది.

ఇంతలో కెర్నెల్ గొడవ వచ్చిపడింది. కెర్నెల్ అంటే మరేమీ కాదు, కంప్యూటరు లోపల అందరికీ పనులు పంచే పెద్ద మేస్త్రీ. నడుస్తున్న కెర్నెల్లో కన్నం ఉందని, అందులోంచి దొంగలు దూరవచ్చని ప్రపంచమంతా గోల. షారోన్ కన్నం లేని కొత్త కెర్నెల్ తెచ్చి ఎక్కించింది. అయితే ఒక చిక్కు. సర్వరును ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప కొత్తది పనిలోకి రాదు. బదిలీ ఆర్డరు పట్టుకొచ్చిన కొత్త ఆఫీసరు వరండాలో బల్ల మీద కూర్చుంటే, పాత ఆఫీసరు కుర్చీ దిగడే, అచ్చం అలాగన్న మాట!

"సార్, ఒక్కసారి రీబూట్ కొడ్తె అయిపాయె. నాలుగు నిమిషాల పని. ఎవడన్న లోపలికి సొచ్చిండంటె మస్తు లొల్లయితది," అంది షారోన్.

"బోర్డు మీద సున్నా పడుతుందిగా?"

"పడ్తది సార్."

"మరి నీ పర్మనెంటో?"

షారోన్ వెళ్లి బోర్డు మీద ఆనాటి అంకె రాసింది. నెలనెలా కొత్త కెర్నెల్ వస్తూనే ఉంది. ఆమె ఎక్కిస్తూనే ఉంది. వరండాలో బల్ల నిండిపోయింది. లోపల మాత్రం పాతాయనే.

పరబ్రహ్మం గారిని తప్పు పట్టేవాళ్లను నేను సూటిగా అడుగుతున్నాను. ఈ రోజు సర్వరు ఆపి బాగుచేస్తామంటే ఒప్పుకున్నాం అనుకోండి, రేపు మున్సిపాలిటీ వాళ్లు నీళ్ల ట్యాంకు కడుగుతామంటారు. ఎల్లుండి బస్సు డ్రైవరు బ్రేకులు చూసుకుంటానంటాడు. లిఫ్టు వాళ్లు తాడు మారుస్తామంటారు! ఇలా అందరూ ఆగి చూసుకుంటూ పోతే దేశం ముందుకు పోయేదెప్పుడు?

కరెంటు పోతే సర్వరు ఆగుతుందని పరబ్రహ్మం గారు మెట్ల కింద జనరేటరు పెట్టించి, దానికి రాజన్న అనే మనిషిని కాపలా ఉంచారు. లైటు మిణుకుమంటే చాలు, రాజన్న తింటున్న అన్నం వదిలి ఉరికేవాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, నీ పర్మనెంటు నా చేతుల్నె ఉన్నది," అని షారోన్‌కు రోజూ ధైర్యం చెప్పేవాడు.

నాలుగువందల తొంభై ఏడో రోజు వచ్చింది. ముఖ్య అతిథి ఖరారయ్యాడు. డబుల్ కా మీఠా స్వీటుకు బయానా ఇచ్చేశారు. షారోన్ సుద్దముక్క పట్టుకుని స్క్రీన్ ముందు కూర్చుంది. సర్వరు మొదలై మూడు గంటలే అయిందని స్క్రీన్ చెబుతోంది!

ఆమె మెట్లు దిగి జనరేటరు దగ్గరకు పరుగెత్తింది. రాత్రి కరెంటు పోలేదని రాజన్న ఒట్టేశాడు. సైటు ఆగిందని ఫంక్షన్ హాళ్ల వాళ్లెవరూ ఫోన్ చేయలేదు. గంటసేపు ఇంటర్నెట్ అంతా గాలిస్తే అసలు సంగతి బయటపడింది. పాత కెర్నెల్‌కు అంతవరకే లెక్క వచ్చు. నాలుగువందల తొంభై ఏడు రోజులు దాటగానే, సర్వరు ఆగకపోయినా, లెక్క దానంతటదే సున్నాకు వచ్చేస్తుంది.

"మీ స్కూటర్ మీటర్ లెక్కనె సార్. తొమ్మిదులన్ని నిండినంక మల్ల సున్నలొస్తయి గద. బండి ఆగినట్టా?"

"నా స్కూటరు జోలికి రాకు! రాత్రి నువ్వే రీబూట్ చేశావు. ఎప్పట్నుంచో నీ కన్ను దాని మీదే," అన్నారు పరబ్రహ్మం గారు.

"నేను ముట్టలే సార్! ఎప్పుడో చేయనిస్తె గీ లెక్క గిట్ల తప్పకపోవు. కొత్త కెర్నెల్‌ల గా తిప్పల లేదు."

ఆయన వినలేదు. బోర్డు మీద ఆయనే స్వహస్తాలతో సున్నా చుట్టారు. ఫంక్షను రద్దు. ఆర్డరు మళ్లీ ఐదువందల రోజులు నిండాకే. షారోన్‌కు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. చేసిన తప్పుకు శిక్ష పడితే ఓర్చుకోవచ్చు, చేద్దామంటే చేయనివ్వని పనికి కూడానా?

"అయితె ఇప్పుడన్న రీబూట్ చెయ్యాల్నా సార్?"

"ఎలాగూ సున్నానే కదా. ఆ ముచ్చట కూడా తీర్చుకో," అన్నారాయన, మొహం తిప్పుకుని.

షారోన్ మీట నొక్కింది. సర్వరు ఆగింది. నాలుగు నిమిషాల్లో లేచి కూర్చుంది. పాతాయన ఇంటికి, కొత్తాయన కుర్చీలోకి. పాతబస్తీలో ఒక్క పెళ్లీ ఆగలేదు. ఒక్క హకీమూ ఫోన్ చేయలేదు.

మర్నాడు షారోన్ ఆఫీసుకు రాలేదు. పదింటికి పరబ్రహ్మం గారే ఫోన్ చేశారు.

"ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లనే ఉన్న సార్. పండుకున్న. నేను గూడ రీబూట్ అయితున్న."

"చెప్పకుండా సెలవా! ఇలాగైతే పర్మనెంటు మాట మరిచిపో!"

"ఎట్లనూ టెంపరరీనే గద సార్," అని షారోన్ ఫోన్ పెట్టేసి దుప్పటి ముసుగేసుకుంది.

ఆ మధ్యాహ్నమే ట్యుటోరియల్ వాళ్ల ఫలితాల పేజీ తెరుచుకోవడం మానేసింది. పరబ్రహ్మం గారు సర్వరుకు బొట్టు పెట్టారు. నిమ్మకాయ మార్చారు. రాజన్నను చూడమన్నారు.

"నాకు జనరేటరే ఎరుక సార్. దీన్ని ముడ్తె నా కొలువు కూడ పోతది," అని రాజన్న దండం పెట్టాడు.

సాయంత్రానికి ట్యుటోరియల్ ప్రిన్సిపాల్ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. ఆయన అటు దిగాడో లేదో, పరబ్రహ్మం గారు స్కూటరెక్కి దబీర్‌పురా వెళ్లారు. పర్మనెంటు ఆర్డరు చొక్కా జేబులోనే ఉంది, సంతకంతో సహా. మర్నాడు పొద్దున షారోన్ ఆఫీసుకు వచ్చింది గానీ, బోర్డు మీద అంకె రాయడానికి సుద్ద కనిపించలేదు. ఎవరూ వెతకనూ లేదు.

అందుకే నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను. యజమానులారా, ఎవరినీ, దేన్నీ ఒక్కసారి కూడా ఆగనివ్వకండి! ఆగారంటే, ఎవరు లేకపోతే మీ పని ఆగుతుందో ఊరందరికీ తెలిసిపోతుంది.