గొంబొసురెన్ మాస్టారి రెండు భాషలు

మే నెలాఖరున ఒక ఉదయం గొంబొసురెన్ మాస్టారు ఉప్పు వేసిన పాల టీ రెండు గిన్నెలు తాగి, బూట్లకు పాలిష్ పెట్టుకుని, పొడుగు అంగీ మడతలో తన నోటుపుస్తకం దోపుకున్నారు. మోటారుసైకిల్ మీద అక్క దుల్మా గుడారానికి వెళ్ళి, ఆమె మనవరాలు మరల్మా పరిచయం చేయబోయే పెళ్ళికొడుకును చూసి, పొద్దు వాలేలోగా ఇల్లు చేరాలని ఆయన ఆలోచన.

పెళ్ళికొడుకు పేరు లౌరెన్స్. దక్షిణాఫ్రికావాడు. గోబీ ఎడారిలోని ఒక గనిలో బోర్లు వేసే పని. నిరుడు వేలు నలగ్గొట్టుకుని కట్టు కట్టించుకోవడానికి మరల్మా పనిచేసే ఆసుపత్రికి వచ్చాడు. వేలు మానాక కూడా కట్టు మార్పించుకోవడానికి వస్తూనే ఉన్నాడు. అతని మాతృభాష ఆఫ్రికాన్స్ అని విన్న రోజున మాస్టారికి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ భాషను మాస్టారు పదకొండు చలికాలాలుగా చదువుతున్నారు. ఎప్పుడో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు బడిలో వదిలేసి వెళ్ళిన నిఘంటువు ఆయనకు దొరికింది. అట్ట లేదు. అర్థాలు రష్యన్‌లో ఉన్నాయి. బయట మంచు కురుస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని ఒక గీత గీసి, ఎడమవైపు మంగోల్ మాట, కుడివైపు ఆఫ్రికాన్స్ మాట రాసుకునేవారు. మనం క్రియను వాక్యం చివర పెడతాం. వాళ్ళు దాన్ని రెండు ముక్కలు చేసి సగమే చివరికి పంపుతారు. మనం ‘కాదు’ను మాట తోకకు ఒక్కసారి కడతాం, వాళ్ళు మధ్యలో ఒకసారి అని, ఎదుటివాడు మరిచిపోతాడేమోనని చివర మళ్ళీ అంటారు. మన మాటకు తోక మీద తోక పెరుగుతుంది. వాళ్ళ క్రియ నేనైనా నువ్వైనా ఒక్కలాగే ఉంటుంది. ఇన్ని తేడాలున్నా గొంతులోంచి గీరుకుంటూ వచ్చే ‘ఖ’ మాత్రం రెండింటిలోనూ ఉందని నిఘంటువు ముందుమాటలో చదివి ఆయన కలల్లో పడ్డారు. ఏ కాలంలోనో ఒక రౌతు చలికి దగ్గితే, ఆ దగ్గు గాలివాటున గడ్డిమైదానాలు దాటి, సముద్రాలు దాటి, భూమికి ఆ కొసన ఎవరి గొంతులోనో దిగి ఉంటుందని ఆయనకు తోచేది.

బండి బయటికి తీస్తుండగా మరల్మా ఫోన్ చేసింది.

“కాన్పు కేసు వచ్చింది తాతయ్యా, సాయంత్రం దాకా కదల్లేను. లౌరెన్స్‌ని జీపులో పంపించేశా. కంగారు పుడితే అతనికి సొంత భాష తప్ప ఇంకేదీ నోట రాదు. మీరున్నారు కదా?”

“నేనున్నాను కదమ్మా,” అన్నారు మాస్టారు.

పదకొండేళ్ళలో ఆ భాషను ఒక్కసారైనా చెవితో వినలేదన్న సంగతి సగం దారిలో గానీ ఆయనకు గుర్తు రాలేదు.

దుల్మా గుడారం దగ్గర అందరూ సిద్ధంగా ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ దుల్మా పట్టు అంగీ వేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఆ ఇంట్లో పెళ్ళి మాట ఆమె నోటి నుంచే రావాలి. మరల్మా తండ్రి సాంపిల్ ఆవరణ దగ్గర ఉన్నాడు. జూలు కత్తిరించడానికి రెండు రోజులు కొండలన్నీ తిరిగి, ఇరుగుపొరుగును బతిమాలి, నలభై గుర్రాలను తోలుకొచ్చి అందులో పెట్టాడు.

జీపు ఆగింది. ఎర్రటి మొహంతో ఒక పొడుగాటి మనిషి దిగాడు. మరల్మా నెల రోజులు నేర్పిన మంగోల్ నమస్కారం దారిలోనే ఎగిరిపోయినట్టుంది. టోపీ తీసి, “మోరె,” అన్నాడు. వాళ్ళ భాషలో అది పొద్దుటి పలకరింపు. మంగోల్ చెవికి మాత్రం అది ‘మోర్’, అంటే గుర్రం.

“దిగీ దిగగానే గుర్రాల సంగతి అడిగాడు,” అన్నాడు సాంపిల్ తల్లితో, సంతోషం దాచుకోలేక. “పనికొచ్చే మనిషే.”

మాస్టారు ముందుకు వెళ్ళి, తాను కంఠతా పట్టిన ఆహ్వాన వాక్యాన్ని అక్షరం అక్షరం పలికారు. లౌరెన్స్ శ్రద్ధగా విని, మంగోల్ భాష ఎంత తియ్యగా ఉందో అన్నట్టు తల ఊపాడు. తర్వాత అతను ఏదో చెప్పాడు. మాస్టారికి అందులో ‘ఖ’ ఒక్కటే అర్థమైంది.

ఏమన్నాడని దుల్మా అడిగింది. ప్రయాణం బాగా జరిగిందట, మీ పశువులు క్షేమమా అని అడుగుతున్నాడని మాస్టారు చెప్పారు. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆయన అనుకోలేదు.

సాంపిల్ అతన్ని నేరుగా, జీను వేసి బయట కట్టిన తన ప్రాణంలాంటి బూడిదరంగు మగ గుర్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండలో దాని మెడ నది మీది మంచులా మెరుస్తోంది. లౌరెన్స్ ఊపిరి బిగబట్టి చూసి, మెల్లగా, “మూయి,” అన్నాడు.

సాంపిల్ మొహం మాడిపోయింది. మంగోల్‌లో ‘మూ’ అంటే చెడ్డది.

“మామయ్యా, నా గుర్రాన్ని పట్టుకుని చెడ్డదంటాడా?”

గుర్రాన్ని కాదు, దాని మీది జీనును అన్నాడని మాస్టారు సర్దిచెప్పారు. జీను తాతలనాటిది. సాంపిల్ ఇంకా ఉడికిపోయాడు. జీనూ లేదు, ఏమీ లేదు, ఉత్త వీపు మీద ఎక్కి చూపిస్తాను, ఇతన్నీ ఎక్కించి చూపిస్తాను అంటూ ఇంకో గుర్రం కోసం ఆవరణ తలుపు వైపు నడిచాడు. తనను ఎక్కించబోతున్నారని గ్రహించిన లౌరెన్స్ రెండు చేతులూ ఊపుతూ వద్దన్నాడు. వాళ్ళ భాషలో వద్దంటే “నేయ”. మంగోల్‌లో ‘నే’ అంటే తెరువు.

సాంపిల్ ఆగిపోయి మామయ్య వైపు చూశాడు.

“తెరవమంటున్నాడా?”

ఆ మాట మాస్టారికీ అలాగే వినిపించింది. “పెళ్ళి అడిగే ముందు మందను బయట విడిచిపెట్టి చూడటం వాళ్ళ ఆచారం అనుకుంటా,” అన్నారు.

అతిథి కోరాక కాదనడం ఎలా? సాంపిల్ పళ్ళు కొరుక్కుంటూ గడియ తీశాడు. నలభై గుర్రాలు వరదలా బయటికొచ్చాయి. లౌరెన్స్ తల పట్టుకుని “నేయ, నేయ,” అని కేకపెట్టాడు. అయితే రెండోది కూడానా అనుకుని సాంపిల్ పక్క దొడ్డి తలుపూ తెరిచాడు. అందులో పాలకోసం వేరుచేసి కట్టడి చేసిన గొర్రెపిల్లలూ మేకపిల్లలూ ఉన్నాయి. అవి తల్లుల మీద పడి, రేపటి పాలు కూడా ఇవాళే తాగేశాయి.

ధూళి బంగారు రంగులో లేచి నిలబడింది. దానిలోంచి గుర్రాలు చప్పుడు లేకుండా పరుగెత్తుతున్నట్టు, నేలే వాటి కింద పారుతున్నట్టు కనిపించింది. కాసేపు మాస్టారు తన అవస్థ మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు. ఆయన పక్కనే లౌరెన్స్ కూడా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ రోజంతటిలో ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా అర్థమైంది అప్పుడే. చివరి గుర్రం కొండ దాటాక సాంపిల్ నేల మీద కూలబడ్డాడు.

ఆ గోలకు గుడారంలో నిద్రపోతున్న పసిపాప లేచి ఏడ్చింది. ఎనిమిది నెలల పిల్ల, సాంపిల్ కొడుకు కూతురు. దుల్మా దాన్ని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చి లౌరెన్స్ వైపు చూసింది. చేసిన నష్టానికి అతను సిగ్గుతో కుంగిపోయి ఉన్నాడు. ఒక్క మంచి మాటైనా చెప్పాలనుకున్నాడో ఏమో, పాప బుగ్గలను చూసి నవ్వి, “మూయి, హై?” అన్నాడు.

అందరికీ ‘మూహై’ అనే వినిపించింది. మూహై అంటే వికారం.

సాంపిల్ తలెత్తాడు. అప్పుడే మాస్టారి కళ్ళముందు నోటుపుస్తకంలో గీతకు కుడివైపున ఒక మాట కదిలింది. తాను ‘మొ-ఒ-ఇ’ అని కూడబలుక్కుని రాసుకున్న మాట. అర్థం: అందమైన. నిజం చెప్పడానికి ఆయన నోరు తెరిచారు. కానీ అంతలోనే దుల్మా మొహం వికసించింది.

“చూశావుట్రా తమ్ముడూ? వచ్చిన ప్రతివాళ్ళూ బుగ్గలు ముద్దొస్తున్నాయంటూ పిల్లకి దిష్టి తగిలిస్తారు, మూడ్రోజులు పాలు తాగదు. భూమికి ఆ చివర్నించి వచ్చినవాడికి మాత్రం పసిపిల్లని వికారం అనాలని తెలిసింది. ఎవరు పెంచారో గానీ పద్ధతిగా పెంచారు.”

ఆమె పాపను అతని చేతుల్లో పెట్టింది. పాప అతని ముక్కు పట్టుకుని ఏడుపు ఆపింది. సాంపిల్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

“అయితే నా గుర్రాన్ని కూడా...”

“దిష్టి తగలకూడదనే,” అంది దుల్మా. “నీకే బుద్ధి లేదు.”

సాయంత్రం మరల్మా వచ్చేసరికి లౌరెన్స్ దుల్మా పక్కన, ఇంటి పెద్దలు కూర్చునే చోట కూర్చుని, మూడో గిన్నె నల్ల టీ తాగుతున్నాడు. టీలోకి పాలు లేవు. అతను అడగవలసింది అడిగాడు, మరల్మా దాన్ని సరిగ్గా తిప్పి చెప్పింది. దుల్మా ఒప్పుకుంది. గుర్రాలన్నిటినీ మళ్ళీ కూడగట్టడానికి మామా అల్లుళ్ళకు ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజుల్లో సాంపిల్‌కు అల్లుడి భాష మామయ్య కంటే బాగా వచ్చేసింది.

మాస్టారు మాత్రం ఆ సాయంత్రమే, వెళ్ళబోయే ముందు, అక్కను పక్కకు పిలిచి ఒప్పుకున్నారు. ఆ మాటకు వాళ్ళ భాషలో అందం అని అర్థమని, తనకు మిగతా మాటలేవీ అర్థం కాలేదని చెప్పారు. ఆమె ఒకసారి చుట్టూ చూసింది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు,” అంది దుల్మా, పాప బుగ్గను అంగీ అంచుతో కప్పుతూ.

ఆ చలికాలం మాస్టారు కొత్త భాష మొదలుపెట్టారు. ఈసారి మాట్లాడేవాళ్ళు భూమ్మీద ఒక్కరు కూడా మిగలనిదాన్ని చూసి మరీ ఎంచుకున్నారు.