మొయినాబాద్ సముద్రంలో ఉప్పు మాయం

"నేరం చేసి నా కంట్ల పడకుంట తప్పిచ్చుకునే మొనగాడు ఇంకా పుట్టలే పాండూ! కడుపుల ఉన్నోడు గూడ నా పేరు ఇని బయటికి రానీకి జంకుతున్నడు!"

నడి మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోతున్న పాండు ఆటోలో, వెనక సీటు నుంచి ఈ ప్రకటన వెలువడింది. ప్రకటించినవాడు జగదీశ్. ఒంటి మీద రెయిన్‌కోటు. డిటెక్టివ్ అన్నాక పొడుగు కోటు ఉండాలని ఎక్కడో చదివాడు. చేవెళ్లలో దొరికిన పొడుగు కోటు అదొక్కటే. లోపల చెమట జోరున కురుస్తోంది గనక కోటు దండగ పోలేదు. జేబులో సొంత దుకాణంలో అచ్చేసుకున్న కార్డు: "జగదీశ్, అంతర్జాతీయ పరిశోధకుడు. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు కూడా."

ఇంతవరకూ ఆయన ఛేదించిన కేసు ఒక్కటే. బడిలో పోయిన గంట. అదీ, దానంతటది మోగింది కాబట్టి దొరికింది.

పాండుకు ఇదంతా తెలుసు. తెలిసీ ఎక్కించుకున్నాడంటే, అవతల ఉప్పు దొంగతనం మీద పడి ఆపదలో ఉన్నది సొంత అక్క మొగుడు శ్రీశైలం. పోలీసులకు ఫోన్ చేయడమంటే బావను తానే అప్పజెప్పినట్టు. వకీలు పిలిస్తే రాడు. పిలవకపోయినా వచ్చేవాడు జగదీశ్.

హైటెక్ సిటీలో ఒకడు కంప్యూటర్ తెరిస్తే మొయినాబాద్‌లో ఒక ఎకరం మాయమవుతున్న రోజులవి. ఆ మాయాలను ఏ డిటెక్టివూ పట్టించుకోలేదు. శ్రీశైలం మూడెకరాల జొన్నచేను అట్లాగే పోయి, దాని స్థానంలో ఒక రిసార్ట్ సముద్రం వెలిసింది. లారీల్లో ఇసుక వచ్చింది. క్రేన్లతో కొబ్బరిచెట్లు వచ్చాయి. మోటారుతో అలలు వచ్చాయి. కరెంటు పోతే ఆటుపోట్లలో పోటు ఆగిపోయి ఆటు మాత్రం మిగిలేది. చేను అమ్మేటప్పటి షరతు మీద శ్రీశైలానికి అక్కడే స్టోర్ కీపర్ కొలువు. ఒకప్పుడు తన బావి ఉన్నచోట, ఇప్పుడు తాళంచెవుల గుత్తితో తిరుగుతున్నాడు. ఆ గుత్తి కూడా పోతే ఆ నేల మీద నిలబడే హక్కు కూడా ఉండదు.

ఆటో దిగేసరికి రిసార్ట్ యజమాని ప్రేమదాసు గేటు దగ్గరే ఎగురుతున్నాడు.

"సముద్రమన్నాక ఉప్పుండాలనే కదయ్యా రోజుకో బస్తా దొడ్డుప్పు కలపమన్నా! పోయిన ఆదివారం వైజాగ్ నుంచొచ్చిన సాఫ్ట్‌వేర్ ఆయన ఒక గుక్క మింగి, ‘ఇది సముద్రం కాదండీ, కుళాయి నీళ్లు’ అన్నాడు. నలుగురిలో నా పరువు చప్పబడింది. ఇవాళ నాలుగింటికి ఆయనే కంపెనీ మొత్తాన్ని మూడు బస్సుల్లో తెస్తున్నాడు. ఉప్పుంటేనే దిగుతాడట! నాలుగింటిలోగా దొంగ దొరక్కపోతే శ్రీశైలాన్ని ఠాణాకు పంపుతా!"

"దీన్ని మా భాషల లవణాపహరణం అంటరు" అన్నాడు జగదీశ్ గంభీరంగా. "సముద్రానికి ఉప్పు తగ్గుడంటే చిన్న ముచ్చట కాదు సార్. దీని వెనుక అంతర్జాతీయ ముఠా ఉన్నది."

"ఉప్పుకు అంతర్జాతీయ ముఠా ఏందన్నా?" అన్నాడు పాండు.

"అనుమానం రాని సరుకునే ముఠాలు పట్టుకుంటయి. నువ్వు ఆటో నడుపు, నేను కేసు నడుపుత."

శ్రీశైలాన్ని లైఫ్‌జాకెట్ల గదిలో పెట్టి గొళ్లెం వేశారు. కిటికీలోంచి ఆయన ముఖం నారింజరంగు జాకెట్ల మధ్య, అమ్ముడుపోని కాయలా వేలాడుతోంది.

"నా పిల్లల మీద ఒట్టు తమ్మీ! పొద్దుగాల్ల నా చేతుల మీదికెళ్లే బస్తా ఇస్త. శంకరమ్మవ్వ తీస్కపోయి పోస్తది. కాలీ సంచి మల్ల నాకు తెచ్చిస్తది. పదిహేను దినాల సంది పదిహేను కాలీ సంచులొచ్చినయి. మరి ఉప్పేడికి పోయింది?"

"ఆవిరి" అన్నాడు జగదీశ్.

"ఉప్పు ఆవిరి గాదన్నా" అన్నాడు పాండు.

"అందుకే అనుమానం వచ్చింది."

చీపురు పట్టుకుని శంకరమ్మ వచ్చింది. ముడిమ్యాల నుంచి రోజూ వచ్చి ఇసుక ఊడ్చే ముసలమ్మ. గదిలో ఉన్న శ్రీశైలాన్ని చూసి గతుక్కుమంది.

"ఇదేంది, ఈయననేంటికి పెట్టిండ్రు? ఓ బిడ్డా, ఆ ఉప్పు ముచ్చట..."

"అవ్వా! సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాలె" చేయెత్తాడు జగదీశ్. "ముందుగాల నా ప్రశ్న. ఇక్కడికి బొంబాయికెల్లి ఎవరన్న వచ్చిండ్రా?"

"బొంబాయా? లేదు. గని ఉప్పు నేనే..."

"నువ్వే పోసినవు, తెలుసు. అవ్వలు నేరాలు చెయ్యరు. ఇది మా శాస్త్రంల మొదటి సూత్రం."

"అవ్వేదో చెప్తున్నదన్నా, జర ఇను!" అన్నాడు పాండు.

అప్పటికే జగదీశ్ గేటు ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. తారురోడ్డు మీద తెల్లటి గింజలు చుక్కలు చుక్కలుగా చేవెళ్ల వైపు పోతున్నాయి. "పాండూ! ఆటో స్టార్ట్ చెయ్యి. నేరం మనకు తొవ్వ చూపుతున్నది!"

మొయినాబాద్ డప్పు అయితే చేవెళ్ల దాని పక్కింటి దిండు. ఇక్కడ స్పీకర్లు అరుస్తుంటే అక్కడ కూరగాయల మార్కెట్ కూడా టమాటాలు అమ్ముకుని మధ్యాహ్నం కునుకు తీస్తుంది. పాండు గింజల వెంట నడకవేగంతో పోనిచ్చాడు. వెనక లారీలు తిట్టాయి. గింజలు చివరికి ఒక వేపచెట్టు కింద ఆగిన ట్రాక్టర్ దగ్గర, చిరుగు పడ్డ సంచిలో తేలాయి. సంచి మీద బాలమల్లు అనే రైతు తలపెట్టుకుని నిద్రపోతున్నాడు.

జగదీశ్ చప్పుడు చేయకుండా పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. మొదట చల్లగా తగిలింది. తర్వాత చేదు. ఆ తర్వాత రెయిన్‌కోటు దానంతటదే వణికింది.

బాలమల్లు కళ్లు తెరిచాడు. "యూరియా తింటున్నవేంది పటేలా?"

"థూ! థూ! పాండూ, నీళ్లు!"

"ఫికర్ జెయ్యకు" అన్నాడు బాలమల్లు. "నాల్గు రోజులల్ల ఏపుగ పెరుగుతవు. తల గూడ పెరుగుతే మీ ఊరికి మంచిది."

పాండు నీళ్లు పోస్తూ అన్నాడు: "అన్నా, నిన్ను డిటెక్టివ్ అన్నోన్ని అనాలె. నువ్వు డిఫెక్టివ్. అక్కడ మా బావ బతుకు పోతున్నది, ఇక్కడ నువ్వు ఎరువు బుక్కుతున్నవు!"

"ఒక అనుమానం తొలగింది గదా" అన్నాడు జగదీశ్, నాలుక బయటపెట్టుకునే.

తిరిగొచ్చేసరికి నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ. మూడు బస్సులు దిగాయి. ఒకే రంగు టీషర్టుల్లో నూటయాభై మంది ఇసుక మీద పడ్డారు. ముందు వైజాగ్ ఆయన, నాలుక సిద్ధం చేసుకుని. ప్రేమదాసు చేతిలో ఫోను, ఠాణా నంబరు నొక్కుతూ. పాండు ఇక ఆగలేక శంకరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"అవ్వా, ఇందాక ఏదో చెప్పబోతివి. చెప్పు! మా బావ పోతున్నడు!"

"చెప్పనిస్తిరా? ఆ ఉప్పు యాడ బోలేదు కొడుకా..."

ఆ క్షణంలోనే పైనుంచి గర్జన వినిపించింది. "ఎవ్వరు కదలద్దు!"

ఒడ్డున ఒక పెద్ద ఫైబర్ తిమింగలం ఉంది, పిల్లలు ఫొటోలు దిగేందుకు, నోరు నీళ్ల వైపు తెరుచుకుని. దాని వీపు మీద జగదీశ్ నిలబడి ఉన్నాడు. "నేరస్థుడు మీలోనే ఉన్నడు! నేను మూడు లెక్కపెట్టేలోపల..."

రెండు దగ్గర ఫైబర్ పగిలింది. తిమింగలం ఆయన్ని నడుము దాకా మింగింది, ఒకసారి ఊగింది, ముక్కు నీళ్లలోకి వాలింది. తర్వాత కక్కింది. పదిహేను బస్తాల దొడ్డుప్పు, తెల్లగా, బరబరా, నోట్లోంచి సముద్రంలోకి దూకింది. చివరగా ఒక పాత చీర మీద డిటెక్టివ్ బయటికి జారాడు.

మోటారు అల ఒకటి లేచి ఉప్పును కలిపేసింది. వైజాగ్ ఆయన ఒక గుక్క మింగాడు. కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు వచ్చింది, ముఖం వెలిగిపోయింది. "అబ్బబ్బ! అచ్చం మా ఊరేనండీ! దిగండి, దిగండి!"

ప్రేమదాసు ఫోను జేబులో పెట్టుకుని శంకరమ్మ వైపు తిరిగాడు. "నువ్వేనా దాచింది?"

"దాసుకోలే, కాపాడిన" అంది ముసలమ్మ. "ఉప్పును తొక్కుతరా సారూ? మీరు తొక్కనీకే పొయ్యమంటిరి. ఆ పెద్ద చేప కడుపుల నా చీర పర్సి పోసిన. మా అత్త చెప్పేది, కాలు తాకిన ఉప్పుగల్లను సచ్చినంక కంటిరెప్పలతోని ఏరాలెనని."

"ఈ మూడెకరాలు నాకు అమ్మినప్పుడు మీవాళ్లకు లేని పట్టింపు, ఉప్పు దగ్గర వచ్చిందా?"

"భూమిని తొక్కుకుంటనే దున్నినం సారు. ఉప్పును ఎన్నడు తొక్కలే."

ప్రేమదాసు లైఫ్‌జాకెట్ల గదికి నడిచాడు. గొళ్లెం తీయించి గుత్తి శ్రీశైలం చేతిలో పెట్టాడు. శ్రీశైలం దాన్ని నడుముకు రెండు ముళ్లేసి కట్టుకున్నాడు.

జగదీశ్ లేచి కోటు దులుపుకుని, జనం వైపు కార్డు చాపాడు. "చూసిండ్రా? తిమింగలం మీద నాకు మొదటికెల్లే అనుమానం."

ఎవరూ కార్డు తీసుకోలేదు. శంకరమ్మ ఒడ్డున చెదిరిన ఉప్పును కొంగులోకి ఎత్తుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"కాలు తియ్యి బిడ్డా."

కుడికాలు ఎత్తాడు. పెట్టడానికి చుట్టూ చూశాడు. ఎటు చూసినా తెలుపే.

"అది గూడ తియ్యి" అంది ముసలమ్మ, ఎడమకాలు చూపించి.

అంతర్జాతీయ పరిశోధకుడు ఒంటికాలి మీద నిలబడి, బతుకులో మొదటిసారి నిజంగానే ఆలోచనలో పడ్డాడు.