మంజువాణిని నడిపే పద్ధతి

తెనాలిలో అప్పగింతలయ్యాక పెళ్ళికూతురిని ఒకే ఫైలుగా కట్టి అత్తారింటికి పంపుతారు. రోజూ పొద్దున్నే భర్త కంప్యూటర్లో టెర్మినల్ తెరిచి, ఆమె పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆమె నడుస్తుంది. ఇబ్బందులేమైనా ఉంటే చూడటానికి మున్సిపల్ ఆఫీసులో ఒక విభాగం ఉంది. ఆదివారం సెలవు.

చలపతి కూడా పెళ్ళయినప్పటి నుంచీ అలాగే చేస్తున్నాడు. మంజువాణికి వంక పెట్టడానికేమీ లేదు. పులుసులో బెల్లం అచ్చం అతని తల్లి వేసినంతే వేస్తుంది, ఆవిడలాగే కొంగు దోపుకుంటుంది, టీవీ ముందు కూర్చుని ఆవిడలాగే నిట్టూరుస్తుంది. కానీ పెళ్ళిచూపుల్లో ఈ పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసే అతను సరేనన్నాడు. అది ఎటు పోయిందో ఎంత ఆలోచించినా అంతుపట్టక, ఒకరోజు సెలవు పెట్టి విభాగానికి వెళ్ళాడు.

గుమస్తా పానకాలు అంతా విని, "ఏ రన్‌టైము మీద నడుపుతున్నారు?" అని అడిగాడు.

"అంటే?"

"ఫైలు దానంతటది నడవదండీ, కింద ఇంకోటి ఉండాల. మీరేదీ చెప్పకపోతే ఇంట్లో మొదట దొరికినదాన్ని పట్టుకుంటది. మీ ఇంట్లో ఎవరి మాట నడుస్తది?"

"మా అమ్మది."

"అయితే ఆవిడ మీదే నడుస్తన్నట్టు. అందరూ చేసేదేలెండి. పేరుకు ముందు పుట్టింటి రన్‌టైము చిరునామా కొట్టండి."

"మరి నేను దేని మీద నడుస్తున్నానండీ?"

"మగపిల్లల్ని కట్టే పద్ధతి లేదండీ. మీరు ఇల్లు కదిల్తే గదా!"

మర్నాడు చలపతి ఆమె పేరుకు ముందు పుట్టింటి చిరునామా కొట్టాడు. మంజువాణి హాల్లోకి వచ్చి, అత్తగారి కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. అతన్ని ఎగాదిగా చూసింది.

"చలపతీ, బనీను తిరగేసుకున్నావయ్యా!" అని పకపకా నవ్వింది.

చలపతికి ప్రాణం లేచొచ్చింది. అతనూ నవ్వాడు.

"నేను మళ్ళీ బడికెళ్ళి పాఠాలు చెప్తా," అందామె.

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"రోజూ అడుగుతూనే ఉన్నా. నీకు 'వంకాయలు తెచ్చారా' అని వినపడేది."

అంతలో వంటింట్లోంచి తల్లి కేకేసింది. "ఒరే, పాలు పొంగిపోతన్నయ్, నీ పెళ్ళాం ఏదిరా?"

తెర మీద ప్రశ్న వచ్చింది: ఇకపై ఈ రన్‌టైమునే ఖాయం చేయాలా? చలపతి వంటింటి వైపు చూశాడు, మంజువాణి వైపు చూశాడు. 'తర్వాత చూద్దాం' అన్నది నొక్కాడు.

"పండక్కీ పబ్బానికీ ఇలా నడుపుకుందాంలే," అన్నాడు ప్రేమగా. మంజువాణి నవ్వలేదు. అతను ఉత్త పేరు మాత్రం మళ్ళీ కొట్టాడు.

మంజువాణి కుర్చీలోంచి లేచి, కొంగు దోపుకుని, పాలు దించి వచ్చింది.

"ఏవండీ, వంకాయలు తెచ్చారా?" అంది.

ఆమె ఏమడుగుతోందో ఇప్పుడతనికి తెలుసు.

"సాయంత్రం తెస్తాలే," అన్నాడు.